కిరిగమినె: కోస్తే బతికే గడ్డి

మే, మొదటి రోజు

టోక్యోలో ఉండే తెలుగువాళ్ళం నాలుగు రోజులు సెలవు దొరికితే ఫూజీ చుట్టుపక్కలకో, హకోనెకో, నిక్కోకో పరిగెడతాం. నాగానో ప్రిఫెక్చర్‌లోని కిరిగమినె పేరు మేముండే నిషి కసాయ్ పేట వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడూ కనపడలేదు. అక్కడ ఇదిగో ఇదీ అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేదు మరి. కోట లేదు, పెద్ద గుడి లేదు, టికెట్ కొని లోపలికి పోయే చోటు లేదు. 1500 నుంచి 1900 మీటర్ల ఎత్తులో గడ్డి, గాలి, ఒక వారగా చిత్తడి నేల. అంతే.

షింజుకులో అజుసా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటలకు చినో. అక్కణ్ణుంచి ఊళ్ళ మీదుగా, తర్వాత లార్చ్ చెట్ల మధ్యగా, మలుపులు తిరుగుతూ బస్సు దాదాపు గంటసేపు ఎక్కుతూనే ఉంటుంది. టోక్యోలో చెర్రీ పూలు రాలిపోయి నెల దాటింది, జనం పొట్టి చేతుల చొక్కాల్లోకి వచ్చేశారు. పైన దిగేసరికి పోయినేటి గడ్డి మంచు బరువుకు అణిగిపోయి గోధుమరంగులో పడుకుని ఉంది. నీడ పట్టున మురికి మంచు కుప్పలు ఇంకా కరగలేదు. మే నెలలో ఇక్కడికి రమ్మని నేనెవరికీ చెప్పను.

కానీ ఆ బోసి కొండలు చూడకపోతే మిగతా కాలాలు సగమే అర్థమవుతాయి. గడ్డి కప్పేయక ముందు నేల ఉన్నదున్నట్టు కనపడుతుంది. ఒక వాలు మీద పొదల కాండాలన్నీ నల్లగా ఉన్నాయి. 2023 మే నెలలో అంటుకున్న మంట తాలూకు గుర్తు అది. నేను వెళ్ళింది ఆ మరుసటి ఏడాది. పొదలు మాడిపోయాయి గానీ, వాటి మొదళ్ళ దగ్గర గడ్డి పిలకలు అప్పుడే తలెత్తుతున్నాయి. నేను దిగిన లాడ్జి పెద్దాయన ఈ సంగతి పెద్ద విశేషంలా చెప్పలేదు. "గడ్డికి మంట కొత్తేమీ కాదండీ, చెట్లకే కొత్త," అన్నాడు. పూర్వం ఏటా వసంతంలో కింది ఊళ్ళవాళ్ళే వచ్చి గడ్డి తగలబెట్టేవారట. మానేసిన ఆ పద్ధతిని ఈ మధ్య కాలంలో తిరిగి మొదలుపెట్టారు. 2013 ఏప్రిల్‌లో అది గాలికి అదుపు తప్పి 200 హెక్టార్లకు పైగా కాలిపోయేసరికి మళ్ళీ ఆపేశారు.

మే, రెండో రోజు

రాత్రి మంచు బిందువులు గడ్డకట్టాయి. పొద్దున్నే యషిమగహార చిత్తడి నేల చుట్టూ చెక్క బాట మీద నడిచాను. నెమ్మదిగా నడిస్తే గంటన్నర. ఈ కాలంలో అదీ ఎండుగడ్డి రంగే, మధ్యలో మడుగులు మాత్రం ఆకాశం రంగు. కోకిల జాతి పిట్ట ఒకటి ఎక్కడో కూస్తూనే ఉంది, కనపడలేదు.

ఈ నేల మట్టి కాదు, నాచు. స్ఫాగ్నమ్ అనే నాచు మీద నాచు పెరుగుతూ పోతుంది. అడుగున చచ్చిన నాచు చల్లటి, పుల్లటి నీళ్ళలో నానుతూ కుళ్ళకుండా అట్లాగే పేరుకుంటుంది. దాన్నే పీట్ అంటారు. ఇక్కడ అది దాదాపు 8 మీటర్ల మందం ఉంది, పేరుకోవడానికి సుమారు 12,000 ఏళ్ళు పట్టింది. లెక్క వేస్తే ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లేదు. నేను పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా పెరిగింది రెండు వేళ్ళ మందం ఉంటుందేమో. ఒక్క కాలు దిగబడితే ఎన్నేళ్ళ సంగతో అర్థమయ్యాక చెక్క బాట అంచుకు కూడా పోబుద్ధి కాలేదు.

1939లోనే దీన్ని జాతీయ సహజ సంపదగా ప్రకటించారు. అయినా 1960లలో ఈ కొండల మీదుగా వీనస్ లైన్ అనే విహార రోడ్డు వేసేటప్పుడు, మొదటి ప్లానులో అది ఈ చిత్తడి పక్కనుంచే పోవాల్సింది. స్థానికులు అడ్డం తిరిగారు. రోడ్డు దారి మార్చుకుంది. ఆ రోడ్డుకు 2002 నుంచి టోల్ కూడా లేదు, ఆదివారం వస్తే మోటారు సైకిళ్ళ మోతే మోత. చిత్తడి దగ్గర నిలబడి వింటే ఆ మోత చాలా దూరం నుంచి, తుమ్మెద రొదలాగా వస్తుంది. ఆనాడు గొడవ చేసినవాళ్ళకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

జూన్ చివర, ఒక పగలు

వానల కాలం. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయాను. రెంగె త్సుత్సుజి అనే నారింజరంగు అజేలియా పొదలు వాలంతా పూశాయి. ఆ మొక్క విషం. ఒకప్పుడు ఇక్కడ మేసిన గుర్రాలూ పశువులూ చుట్టూ ఉన్నదంతా తిని దాన్నొక్కదాన్నీ వదిలేశాయి. అందుకే ఇంత పూత. పర్యాటకులు ఫోటోలు తీసుకుంటున్న ఆ అందం పశువులు వదిలేసిన ఎంగిలి అన్నమాట. గొడుగు తిరగబడింది, సోబా నూడుల్స్ తిని బస్సెక్కాను.

జూలై, మొదటి రోజు

ఈసారి మా ఆవిడా, ఆవిడ తమ్ముడూ కూడా వచ్చారు. జూలై నడిమధ్యకు నిక్కో కిసుగె పూస్తుంది. లిల్లీలా పసుపు నారింజ కలిసిన పువ్వు, ఒక్క పువ్వు ఆయుష్షు ఒక్క పగలు. ఒక కాడకు మొగ్గలు వరసగా ఉంటాయి కాబట్టి పొలం మాత్రం రెండు మూడు వారాలు పసుపుగానే ఉంటుంది. టోక్యోలో 35 డిగ్రీలు దాటిన ఉక్కలో నుంచి వచ్చి, ఇక్కడ సన్న స్వెటర్ వేసుకుని నిలబడటమే సగం సుఖం.

ఇక్కడి కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన కురుమయామ భుజం మీది పార్కింగ్ తెల్లవారకముందే నిండిపోయింది. పాత క్యాలెండర్ బొమ్మల్లో కొండంతా పసుపే. ఇప్పుడు ఆ పసుపు కంచె లోపల మాత్రమే. కంచె బయట అదే వాలు, అదే మట్టి, ఒక్క పువ్వు లేదు. జింకలు మొగ్గ మీదుండగానే కొరుక్కుతినేస్తాయి. వేటగాళ్ళు ముసలివాళ్ళయ్యారు, కొత్తవాళ్ళు రావడం లేదు, చలికాలం మంచు తగ్గి జింకపిల్లలు ఎక్కువగా బతుకుతున్నాయి. దాంతో కరెంటు తీగల కంచెలు కట్టాల్సి వచ్చింది.

మా బావమరిది కొత్త కెమెరా కొన్న ఉత్సాహంలో ఉన్నాడు.

"బావా, తీగ పడకుండా ఎట్లా తియ్యాలి?"

"తీగ పడితే ఏమవుతుందిరా? ఉన్నదే కదా."

"ఇన్‌స్టాలో ఎవరి ఫోటోలోనూ తీగ లేదు."

నిజమే, లేదు. మోకాళ్ళ మీద కూర్చుని లెన్సు తీగల మధ్యలోంచి దూర్చి గంటసేపు తీశాడు. వాడి ఫోటోల్లోనూ తీగ లేదు. మా ఆవిడ మాత్రం కంచె లోపలా బయటా రెండూ పడేట్టు ఫోన్లో ఒక్క ఫోటో తీసింది. నాకైతే ఆ రోజు తీసినవాటన్నిట్లో అదే మంచి ఫోటో.

చిత్తడిలో సన్డ్యూ కూడా చూశాం. ఎర్రటి వెంట్రుకల మీద జిగురు చుక్కలతో దోమల్ని పట్టి తినే చిన్న మొక్క. పీట్‌లో నత్రజని దొరకదు, దాన్ని పురుగుల నుంచి తెచ్చుకుంటుంది. మా బావమరిది దానికి కెమెరా పెట్టలేదు, అది మరీ చిన్నదట.

జూలై, రెండో రోజు

తెల్లారేసరికి పొగమంచు. కిటికీ తీస్తే ఎదురుగా ఉన్న చెట్టు లేదు. ఎండాకాలం సువా లోయ నుంచి తేమ గాలి ఎగబాకి ఇక్కడ చల్లబడుతుంది, నిమిషాల్లో కొండ మాయమవుతుంది. దారి తప్పినవాళ్ళ కోసం కొండ మీద గంట వేలాడదీసిన రాతి స్తంభం ఒకటి ఉంది. మోగించి చూశాం. శబ్దం ఎటునుంచి వస్తోందో పక్కనున్న మాకే తెలియలేదు, ఇంక దూరంగా ఉన్నవాడికి ఏం తెలుస్తుందో.

మధ్యాహ్నం తెరిపి ఇచ్చాక గ్లైడర్ల మైదానం వైపు నడిచాం. జపాన్‌లో గ్లైడర్ ఎగరడానికి పుట్టిల్లు ఈ కొండే అంటారు. 1930లలో ఇక్కడ గ్లైడర్ల సంఘాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఫుజివారా సకుహెయ్. 1884లో కింద సువాలో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త, తర్వాత దేశ వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. బంగాళాఖాతంలో రెండు వాయుగుండాలు దగ్గరకొచ్చి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నప్పుడల్లా మన టీవీల్లో వినపడే 'ఫుజివారా ఎఫెక్ట్' ఈయన పేరు మీదే. 1920ల మొదట్లో ప్రచురించిన పరిశోధన అది. తుపాను వార్తలు వింటూ పెరిగిన కోస్తా జిల్లాలవాడిగా ఆయన ఊరి కొండ మీద నిలబడ్డానని తెలిసి కాస్త ఉబ్బిపోయాను. మా ఆవిడకు చెబితే, "అయితే ఇప్పుడు వాన వస్తుందా రాదా చెప్పు," అంది. వచ్చింది.

అక్టోబర్, మొదటి రోజు

అమ్మ రేపల్లె నుంచి వచ్చి మా దగ్గర ఉన్న రోజులు. టోక్యో ఆమెకు నచ్చలేదు. ఎటు చూసినా గోడలే అంది. ఇక్కడికి తీసుకొస్తే మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని బస్సు దిగీ దిగగానే ఆగిపోయింది. కొండ కొండంతా సుసుకి గడ్డి తెల్లటి వెన్నులు వేసి గాలికి ఒకవైపుకు వాలుతోంది.

"ఒరేయ్, ఇది మన లంకల్లో రెల్లే గదరా!"

రెల్లు కాదు గానీ దానికి దగ్గర చుట్టమే. వెన్ను కొంచెం పొట్టి, ఆకు అంచు మాత్రం అంతే పదును. అమ్మ ఒక వెన్ను తుంచబోతే ఆపాను, రక్షిత ప్రాంతం అని. ఆమె చుట్టూ చూసి రెండో ప్రశ్న వేసింది: "ఇంత గడ్డి వృథాగా పోతోంది, ఎవరూ కోసుకోరా?"

సాయంత్రం లాడ్జిలో భోజనాల దగ్గర అదే ప్రశ్న పెద్దాయనకు చేరవేశాను. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. ఇన్నాళ్ళూ నేనడిగిన ప్రశ్నలకు మర్యాదగా జవాబులు చెప్పాడే గానీ, ఇంత ఉత్సాహం ఎప్పుడూ చూడలేదు.

కొండ కింది ఊళ్ళన్నిటికీ ఈ గడ్డి ఉమ్మడి ఆస్తి. కోతకు రోజు ఖరారు చేసేవారు, ఆ రోజుకు ముందు ఎవరూ కొడవలి పెట్టకూడదు. కోసి గుర్రాల మీద కిందికి దింపేవారు. కొంత మేతకు, కొంత ఇళ్ళ కప్పులకు, ఎక్కువ భాగం వరి మళ్ళలో తొక్కి ఎరువుగా. పొలం ఎంత ఉంటే దానికి కొన్ని రెట్లు గడ్డి కొండ కావాలి. ఇట్లా శతాబ్దాలు నడిచింది. తర్వాత రసాయన ఎరువులు, ట్రాక్టర్లు, రేకుల కప్పులు. 1960లు వచ్చేసరికి కొడవళ్ళు పైకి రావడం మానేశాయి.

అమ్మ నేను చెప్పడం పూర్తి కాకముందే అందుకుంది. "కొయ్యకపోతే అడివి అవ్వదూ మరి!"

అదే అయింది. లాడ్జి వెనక ఉన్న లార్చ్, పైన్ చెట్లను చూపించి, నా చిన్నప్పుడు ఇవి లేవు అన్నాడాయన. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్ నేలలో సుమారు పదో వంతు ఇట్లాంటి గడ్డి భూములే, ఇప్పుడు ఒక శాతం దగ్గరికి వచ్చాయి. మనం ప్రకృతి అనుకుని చూడ్డానికి వచ్చేది కింది ఊళ్ళవాళ్ళ చాకిరీ. చాకిరీ ఆగితే నిక్కో కిసుగె లేదు, సుసుకి లేదు, వాటి మీద బతికే సీతాకోకచిలుకలూ లేవు. ఇప్పుడు ఏటా వాలంటీర్లు వచ్చి పొదలూ చెట్లూ నరుకుతున్నారు. కొత్తగా వచ్చిన పర్యాటకులు చూసి, రక్షిత ప్రాంతంలో చెట్లు కొట్టేస్తున్నారేమిటని గొడవ పెట్టుకుంటారట. అరగంట నడిస్తే యషిమగహార, అక్కడ ఆకు ముట్టుకోకపోవడమే రక్షణ. ఇక్కడ కొయ్యడమే రక్షణ. ఒకే మనుషులు ఈ రెండూ చూసుకోవాలి. నాకైతే రెండోదే కష్టమనిపిస్తుంది. ముట్టుకోకుండా ఉండటానికి బోర్డు పెడితే చాలు, కొయ్యడానికి నడుములు కావాలి.

"గొడ్లను తోలుకొస్తే పోలా?" అంది అమ్మ. పెద్దాయన నవ్వి, గొడ్లు పెంచేవాళ్ళే లేరమ్మా, ఉన్నవి జింకలు, వాటికి పూలే కావాలి అన్నాడు. "మాకు పందులు," అంది అమ్మ. అక్కడితో ఇద్దరికీ నా అనువాదం అవసరం తగ్గిపోయింది. నొజావాన ఆకు పచ్చడి గిన్నె అమ్మ వైపు జరిపాడాయన. ఉప్పు బాగానే ఉంది, కారం ఏదీ అని నన్నడిగింది. అది మాత్రం చేరవెయ్యలేదు.

అక్టోబర్, రెండో రోజు

చిత్తడి అంచున పాత మిసాయామ దగ్గరికి అమ్మను నెమ్మదిగా నడిపించాను. ఇప్పుడక్కడ గడ్డిలో చిన్న గుడి మాత్రమే. కామకురా కాలంలో, అంటే ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట, కింద లోయలో ఉన్న పెద్ద షింటో గుడి సువా మహాలయం వేట పండుగ ఇక్కడే జరిగేది. షినానో (నాగానోకు పాత పేరు) నలుమూలల నుంచి సమురాయ్‌లు వచ్చి గుర్రం మీద నుంచి బాణాలు వేసేవారు, కుస్తీ పట్టేవారు, వేటాడేవారు. ఎదురు వాలు మీద మెట్లు మెట్లుగా చదును చేసిన ఆనవాళ్ళు ఉన్నాయి. జనం కూర్చుని చూసిన చోట్లు అవి. తాత్కాలికంగా వేసుకున్న పాకలకు కప్పు సుసుకి వెన్నులతోనే. అమ్మకు చెబితే, మరి దేంతో కప్పుతారు అన్నట్టు చూసింది. బౌద్ధం మాంసం వద్దన్న రోజుల్లో, తినడానికి అనుమతి ఇస్తూ చీటీలు ఇచ్చిన గుడి కూడా సువాదే. ఇప్పుడు జింకలు ఇంత పెరిగిన చోట ఆ చీటీలు మళ్ళీ పంచితే బాగుండు.

ఇంకా పాత సంగతి ఉత్తరాన వాదా కనుమ వైపు ఉంది. అక్కడి అబ్సిడియన్, అంటే అగ్నిపర్వతపు నల్ల గాజు రాయి, రాతియుగం నుంచీ బాణపు మొనలకు వాడారు. ఉత్తరాన చాలా దూరంలో ఉన్న అవొమోరిలోని సన్నాయ్ మారుయామ అనే జోమోన్ కాలపు, అంటే వేల ఏళ్ళ నాటి చరిత్రపూర్వ ఊళ్ళో కూడా ఈ కొండల రాయి దొరికింది. అటు వెళ్ళడానికి అమ్మ మోకాళ్ళు ఒప్పుకోలేదు, చినోలో దిగి తొగరిఇషి మ్యూజియంలో ఆ రాళ్ళనూ, 'జోమోన్ వీనస్' మట్టి బొమ్మనూ చూశాం. బొమ్మకు పెద్ద పిరుదులు, చిన్న మొహం, జాతీయ నిధి హోదా. "కడుపుతో ఉంది," అని అమ్మ ఒక్క చూపులో తేల్చేసింది. పండితులు కూడా అదే అంటారు.

ఫిబ్రవరి, మొదటి రోజు

ఒంటరిగా, మంచు బూట్లతో. కురుమయామ శిఖరం 1925 మీటర్లు. గాలి మోసుకొచ్చిన తేమ గడ్డి పరకల మీదా, కంచె స్తంభాల మీదా ఈకల్లా గడ్డకట్టి ఉంది, గాలి వచ్చే వైపుకే పెరుగుతుందది. ఉష్ణోగ్రత మైనస్ పదికి కింద. పైన నిలబడితే యాత్సుగతాకె, దాని పక్కన ఫూజీ, దక్షిణ ఆల్ప్స్, ఒంతాకె, ఉత్తర ఆల్ప్స్. చేతి తొడుగు తీసి ఫోటో తీసేలోపు వేళ్ళు కొయ్యబారాయి.

శిఖరం మీద చిన్న గుడి, దాని నాలుగు మూలలా నాలుగు మొద్దులు. కింద సువా మహాలయానికి, జపాన్ పంచాంగంలో పులి, కోతి పేర్లున్న సంవత్సరాల్లో, పెద్ద పెద్ద ఫర్ మానుల్ని కొండ మీద నుంచి దొర్లించి నిలబెట్టే పండుగ ఉంది. 2022లో అయింది, మళ్ళీ 2028లో. ఇది దానికి చిన్న ప్రతి. గుడి పక్కనే తెల్లటి గుండ్రటి గోపురం, వాతావరణ రాడార్. ఫూజీ శిఖరం మీది రాడార్ 1964 నుంచి 1999 దాకా పనిచేసింది. దాని పని అందుకున్నవాటిలో ఇదొకటి. ఆనాడు ఫూజీ మీద ఆ రాడార్ పెట్టించే పని చూసిన వాతావరణ శాఖ అధికారి నిత్తా జిరో, తర్వాత పేరున్న రచయిత, గ్లైడర్ల ఫుజివారాకు స్వయానా అన్నదమ్ముల బిడ్డ. పుట్టింది ఇదే సువాలో. నిత్తా పెట్టించిన యంత్రం రిటైరయ్యాక దాని పని ఆయన సొంత ఊరి కొండకే తిరిగొచ్చింది. ఈ సంగతి శిఖరం మీద ఎక్కడా రాసి కనపడలేదు, రాస్తే బాగుండేది.

ఫిబ్రవరి, రెండో రోజు

కింద కామి-సువా స్టేషన్ ప్లాట్‌ఫాం మీదే వేడినీటి బుగ్గ నీళ్ళలో కాళ్ళు పెట్టుకునే తొట్టి ఉంది. నిన్నటి వేళ్ళకు అక్కడ ప్రాణం వచ్చింది. 759 మీటర్ల ఎత్తులో సువా సరస్సు. బాగా చలి పట్టిన ఏడు సరస్సు అంతా గడ్డకడుతుంది. రాత్రి మంచు పలక కుంచించుకుని పగుళ్ళిస్తుంది, పగుళ్ళలో నీళ్ళు గడ్డకడతాయి, పగలు పలక వ్యాకోచించి అంచులు ఒకదాన్నొకటి తోసుకుని గట్టులా లేస్తాయి. దాన్ని ఒమివాతారి అంటారు. సువా మహాలయపు ఎగువ గుడి దేవుడు దిగువ గుడిలో ఉన్న భార్య దగ్గరికి నడిచిన దారి అట. 1443 నుంచీ దీని లెక్కలు రాసి పెట్టారు. ఇప్పటికీ యాత్సురుగి గుడి పూజారి, ఊరివాళ్ళు జనవరి తొలివారం నుంచి రోజూ తెల్లవారుజామున ఒడ్డుకొచ్చి నీటి వేడి కొలుస్తారు. 2018 తర్వాత దేవుడు నడవలేదు. ఈ ఏడూ లేదని నేను వెళ్ళేసరికే ప్రకటించేశారు. ఒడ్డున బాతులు హాయిగా ఈదుతున్నాయి.

అక్కణ్ణుంచి చినో పొలాలకు. వరి కోసేసిన మళ్ళలో చెక్క చట్రాల మీద వరసలు వరసలుగా కాంతెన్ ఆరబెట్టి ఉంది. మనం చైనా గ్రాస్ అని కొనేది ఇదే. సముద్రపు నాచును పెద్ద తొట్లలో రాత్రంతా ఉడికించి, వడకట్టి, గడ్డకట్టాక దిమ్మెలుగా కోసి బయట పరుస్తారు. రాత్రి గడ్డకడుతుంది, పగటి ఎండకు కరిగి నీళ్ళు కారిపోతాయి. రెండు వారాలు ఇట్లా సాగితే చేతికి బరువు తెలియని తెల్లటి కర్రలు మిగులుతాయి. సముద్రం లేని ఈ లోయకు ఈ పని పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. రాత్రి ఎముకలు కొరికే చలి, పగలు మబ్బు లేని ఎండ, మంచు కురిసేది తక్కువ. ఈ మూడూ ఒక్కచోట దొరకడమే కారణం. రైతులకు వ్యవసాయం లేని కాలంలో కూలి దొరికింది. అక్కడ పనిచేస్తున్న ఆవిడ, చలి చాలకపోతే కర్రలు సరిగ్గా ఎండవు, ఈ మధ్య రోజులు కుదరడం లేదు అంది. సరస్సు మీద విన్న మాటే.

ఒక కట్ట కొన్నాను. ఒక్క కర్ర అర లీటరు నీళ్ళను గట్టిపరుస్తుందని అట్ట మీద ఉంది. రైల్లో కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను.

"నీళ్ళెందుకురా, పాలు పొయ్యి. ఏలక్కాయ వెయ్యి. పంచదార తగ్గించు, మొన్న మీ ఆవిడ చేసింది మరీ తీపి," అంది. పక్కన మా ఆవిడ ఉందేమో, విన్నదేమోనని ఫోను దగ్గరికి వంగి చూసి, నేనొక్కణ్ణే అని తెలిశాక, ఇంకా ఏమేం తీపి ఎక్కువయ్యాయో చెప్పడం మొదలుపెట్టింది.